లిప్ దాటకముందే

ఉల్లిపాయలు తరిగేటప్పుడు మెర్లిన్‌కి కళ్ళనీళ్ళు రావు. పదకొండేళ్ళ కాపురంలో ఎన్ని బస్తాలు తరిగిందో దేవుడికే తెలియాలి, ఒక్క చుక్క రాలితే ఒట్టు. "ఉన్న ఏడుపంతా స్టూడియోలో పోసేస్తావు, ఇంక ఇంటికేం మిగుల్తుంది" అంటాడు భర్త బెన్సన్. అది చాలా మంచి జోకని అతని నమ్మకం. నెలకి రెండుసార్లయినా వేస్తాడు, వేసిన ప్రతిసారీ తనే నవ్వుకుంటాడు.

ఆ శనివారం పొద్దున ఆరున్నరకి మెర్లిన్ ముందు మూడు కేజీల ఉల్లిపాయలున్నాయి. సాయంత్రం ఆరింటికి ఇంట్లో ప్రార్థన కూడిక, పాతికమంది వస్తారు. పాట, వాక్యం, ప్రార్థన అయ్యాక టీ, ఉల్లిపాయ పకోడీ. యూసుఫ్‌గూడలో వాళ్ళ సంఘం మొత్తానికి సరోజమ్మగారింటి పకోడీ అంటే పేరు. సరోజమ్మ అంటే మెర్లిన్ అత్తగారు. పేరు ఆవిడది, తరిగేదీ, కలిపేదీ, నూనె సెగలో నిలబడి వేయించేదీ కోడలు. సాయంత్రం పకోడీకి పొద్దున్నే తరగడం ఏమిటంటారా? మెర్లిన్‌కి ఆ రోజు పదకొండింటికి ఫిల్మ్ నగర్‌లో పనుంది. బయటికెళ్ళాలంటే ముందు ఇంటిపని తెమలాలి. ఆ ఇంట్లో ఈ మాట గోడమీద రాసి పెట్టలేదు, అంతే తేడా.

మెర్లిన్ పని గొంతు ఇవ్వడం. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన హీరోయిన్లు తెలుగు రాకపోయినా పెదాలు కదిపి వెళ్ళిపోతారు. తర్వాత ఓ చీకటి గదిలో, ఏసీ చలిలో, మైకు ముందు నిలబడి మెర్లిన్ లాంటి వాళ్ళు ఆ పెదాలకి మాటలు అతికిస్తారు. వాళ్ళ భాషలో దాన్ని 'లిప్' పట్టడం అంటారు. తెరమీద పెదవి విడగానే మాట పడాలి. అరసెకను ఆలస్యమైతే లిప్ దాటిపోయినట్టే, తర్వాత ఎంత బాగా చెప్పినా పనికిరాదు. లిప్ పట్టడంలో మెర్లిన్‌కి తిరుగులేదు. అందులోనూ ఏడుపు సీన్లకి ఆవిడ పెట్టింది పేరు. వెక్కిళ్ళు, ఎగశ్వాస, గొంతులో అడ్డంపడే చివరి మాట, అన్నీ ఆవిడ ఇస్తే థియేటర్లో జేబురుమాళ్ళు తీయాల్సిందే. ఫిల్మ్ నగర్‌లో ఆవిడ నంబరు చాలామంది ఫోన్లలో 'ఏడుపు మెర్లిన్' అనే ఉంటుంది.

ఆ ఏడుపు వెనక రహస్యం ఒకటుంది. మెర్లిన్‌కి తలనొప్పి. మామూలుది కాదు, సగం తలని పట్టుకుని వాంతి దాకా తీసుకెళ్ళే పార్శ్వపు నొప్పి. వెలుతురు గుచ్చుకుంటుంది, తాలింపు వాసన కూడా తట్టుకోలేదు. డబ్బింగ్ ఇన్‌చార్జి కమలాకర్‌కి ఆ సంగతి తెలుసు. పాపం మంచివాడే. కానీ పొద్దున్నే ఫోన్ చేసి మొదటి మాట ఏమంటాడంటే, "చెల్లె, ఇయ్యాల తలనొప్పి ఉన్నదా? ఉంటే జర మాత్ర ఏసుకోకు. క్లైమాక్స్ ఇయ్యాలే కొట్టేద్దాం. నీకు నొప్పున్నప్పుడే ఏడుపు మస్తుగొస్తది." మొదట్లో మెర్లిన్‌కి అది మెచ్చుకోలులా వినిపించేది. కొన్నాళ్ళకి తనూ నమ్మేసింది. నొప్పి లేకపోతే ఏడుపు లేదు, ఏడుపు లేకపోతే తను లేదు. అలా అనుకుని ఎన్నో రోజులు, చేతిలో మాత్ర పెట్టుకుని కూడా మింగకుండా, మైకు ముందు నిలబడి పగిలిపోతున్న తలతో ఎవరో హీరోయిన్ కోసం ఏడ్చి వచ్చింది.

ఇంట్లో లెక్క వేరు. అక్కడ మాత్ర వేసుకోకూడదనరు, ముందు పని కానిమ్మంటారు. "పరగడుపున మాత్రలేంటమ్మాయ్, కిడ్నీలు పోతాయి. అందరికీ టిఫిన్లు పెట్టి, నువ్వింత తిని వేసుకో" అంటుంది సరోజమ్మ. ఆ అందరి టిఫిన్లూ అయ్యేసరికి పది, వంటయ్యేసరికి పన్నెండు. అప్పటికి మెర్లిన్ ఒక మాత్ర మింగేది. తగ్గక ఇంకోటి మింగేది. "మా కాలంలో మాకు తలల్లేవా?" అనేది సరోజమ్మ. "నీకు తలనొప్పి రాని రోజేదో ముందే చెప్పు, సినిమాకెళ్దాం" అనేవాడు బెన్సన్. వాళ్ళకి ప్రేమ లేదని కాదు. ప్రతి నెలా కూడికలో ప్రార్థన అవసరతలు చెప్పే వేళకి సరోజమ్మ లేచి నిలబడి, కొంగు తలమీదకి లాక్కుని, "మా కోడలి తలనొప్పి గురించి అందరూ ప్రార్థన చెయ్యండి" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. పాతికమందీ కళ్ళుమూసుకుని గట్టిగా ప్రార్థిస్తారు. పాతికమందికి టీ కలుపుతూ వంటింట్లోంచి మెర్లిన్ ఆమెన్ అంటుంది. పదకొండేళ్ళుగా ఇంతమంది దేవుడికి చెప్పారుగానీ, డాక్టరుకి చెబుదామని ఒక్కరికీ తోచలేదు. తలుచుకుంటే ఒళ్ళు మండేది మెర్లిన్‌కి. ఆ మంటతోనే చట్నీ రుబ్బేది.

చివరికి ఐదు వారాల కిందట తనే వెళ్ళింది. ఎర్రగడ్డలో ఓ చిన్న క్లినిక్, అక్కడో డాక్టరమ్మ. బీపీ చూసింది, గుండె పరీక్ష చేయించింది, నెలలో ఎన్ని మాత్రలు మింగుతున్నావని అడిగింది. మెర్లిన్ చెప్పిన అంకె విని కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది.

"నొప్పి మాత్రలు అన్నన్ని రోజులు మింగితే అవే కొత్త తలనొప్పి తెచ్చిపెడతాయమ్మా. సరే, ముందు ఒకటి చెప్పు. నొప్పి మొదలైన ఎంతసేపటికి వేసుకుంటావు?"

"పనయ్యాక మేడమ్."

"ఎవరి పని?"

డాక్టరమ్మ చీటీ వెనక్కి తిప్పి ఓ తల బొమ్మ గీసింది. ముఖానికీ తలకీ స్పర్శ తెలిపే నరం ఒకటుంది, ఐదో నరం. పార్శ్వపు నొప్పి వచ్చినప్పుడు మెదడు పొర మీది రక్తనాళాల చుట్టూ ఆ నరం కొసలు కొన్ని రసాయనాల్ని వదుల్తాయి. వాటివల్ల నాళాలు ఉబ్బుతాయి, ఆ ఉబ్బు నరాన్ని ఇంకా రేపుతుంది, అది ఇంకాస్త వదుల్తుంది. "నేనిచ్చే మాత్ర మామూలు నొప్పి మాత్ర కాదు. నేరుగా ఆ నరం కొసల దగ్గరికెళ్ళి, ఇక వదలకు అని ఆపుతుంది. ఉబ్బిన నాళాల్ని మళ్ళీ బిగిస్తుంది. కానీ నొప్పి మొదలవగానే, ఇంకా సన్నగా ఉండగానే వెయ్యాలి. గంటలు గడిచాయా, లోపల మెదడే ఆ నొప్పిని అందిపుచ్చుకుంటుంది, అప్పుడు బయట నరాన్ని ఎంత ఆపినా అంతగా లాభం ఉండదు. పైగా నొప్పి ముదిరితే కడుపు కూడా కదలడం మానేస్తుంది. మింగిన మాత్ర రక్తంలో కలవకుండా అక్కడే కూచుంటుంది."

మెర్లిన్ బొమ్మ మీద వేలు పెట్టింది. "అంటే మేడమ్, ఇన్నాళ్ళూ నేను లిప్ దాటిపోయాక డైలాగు చెబుతున్నానన్నమాట" అంది. డాక్టరమ్మకి అర్థం కాలేదు. మెర్లిన్‌కి మాత్రం పదకొండేళ్ళ సంగతీ ఒక్క దెబ్బకి అర్థమైపోయింది. మాత్రలు పనిచెయ్యక కాదు. వేల టిఫిన్ల వెనక వాటిని నిలబెట్టింది తను.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. నెలకి ఎనిమిది రోజులకి మించి వాడొద్దు. వేసుకున్నాక కొందరికి మెడ దగ్గర, గొంతు దగ్గర బిగుసుకున్నట్టు అనిపిస్తుంది, కాసేపట్లో పోతుంది. ఆ గొంతు అన్న మాట దగ్గర మెర్లిన్‌కి భయం పట్టుకుంది. గొంతే కదా అన్నం పెడుతోంది. మాత్రల అట్టని ఇంటికి తెచ్చి తన బైబిలుకి ఉండే జిప్పు కవర్లో లోపల పెట్టింది. మామూలు నొప్పి మాత్రలైతే ఆరోజే మానేసింది. అట్ట మాత్రం విప్పలేదు. ఐదు వారాల్లో నాలుగుసార్లు నొప్పి వచ్చింది, నాలుగుసార్లూ జిప్పు మీద చెయ్యి వేసి తీసేసింది. గొంతు బిగిస్తే? నొప్పి పోయి, దాంతోపాటు ఏడుపూ పోతే?

ఇక ఆ శనివారం సంగతి. పూజిత అనే అమ్మాయి మొదటి సినిమా తీసింది. అందులో హీరోయిన్ ఏడవదు. సినిమా పొడుగునా నవ్వుతుంది. చిన్నగా, పకపకా, పొట్టపట్టుకుని, కోపంలో, ఫోన్లో, ఆఖర్న ఒంటరిగా ఒక నిమిషంపాటు. కమలాకర్ మెర్లిన్ పేరు చెబితే పూజిత ఒప్పుకోలేదు. "అన్నా, ఆవిడ ఏడుపు స్పెషలిస్ట్ కదా. నవ్వు టెస్ట్ చేశాకే చూద్దాం" అందట. దాంట్లో అబద్ధమేం లేదు. ఇంతకుముందు రెండుసార్లు నవ్వు సీన్ల దగ్గర మెర్లిన్ ఆగిపోయింది. కణతలు అదురుతుంటే నవ్వు ఎక్కణ్ణుంచొస్తుంది? ఇంట్లో అయితే నవ్వే అలవాటు ఎప్పుడో తప్పింది. కొత్తకోడలిగా ఓసారి పగలబడి నవ్వితే, "మన నవ్వు నాలుగిళ్ళకి వినపడకూడదమ్మాయ్" అని సరోజమ్మ మెత్తగానే చెప్పింది. మెత్తగా చెప్పినవే లోపలికి దిగుతాయి. ఇవాళ నవ్వలేకపోతే ఇక జన్మంతా తనకి ఏడుపే రాసిపెట్టినట్టు, ఆ సంగతి మెర్లిన్‌కి బాగా తెలుసు.

తెలిసే ఉల్లిపాయలు తరుగుతోంది. ఏడింటికి ఆవులింతలు మొదలయ్యాయి. ఒకదాని వెనక ఒకటి. తర్వాత మెడ పట్టేసింది. బెల్లంముక్క నోట్లో వేసుకోవాలనిపించింది. ఇవి ముందుగా వచ్చే గుర్తులని డాక్టరమ్మ చెప్పింది. మెర్లిన్ కత్తిపీట ఆపలేదు. ఎనిమిదింటికి ఎడమ కనుబొమ పైన ఎవరో గోటితో నొక్కినట్టు సన్నగా మొదలైంది.

సన్నగానే ఉంది. ఇప్పుడే. పెదవి ఇప్పుడే విడింది.

ఆ క్షణంలో మెర్లిన్ బుర్రలో ఎన్ని గొంతులు మాట్లాడాయో. ఇంకా కేజీన్నర ఉంది, ఇది అవగొట్టి వేసుకుందాం. ముందు దోసెలు పొయ్యి, ఆయన తినేస్తాడు. పరగడుపున కిడ్నీలు. గొంతు బిగిస్తే టెస్టు గోవిందా. ఇవన్నీ తన గొంతుతోనే మాట్లాడాయి, అదే విడ్డూరం. అత్తగారు ఇంకా మంచం దిగలేదు, భర్త పేపరు చూస్తున్నాడు, ఆపుతున్నవాళ్ళు ఎవరూ లేరు. పదకొండేళ్ళు ఇంట్లో అందరి మాటలూ తనే డబ్బింగ్ చెప్పుకుంటోంది. నవ్వొచ్చింది మెర్లిన్‌కి. కత్తిపీట మడిచి, చేతులు కడుక్కుని, గదిలోకెళ్ళి బైబిలు కవరు జిప్పు లాగింది.

గ్లాసుడు నీళ్ళతో మాత్ర వేసుకుని వచ్చి బెన్సన్ ముందు నిలబడింది. "ఏవండీ, నేను అరగంట తలుపేసుకుని పడుకుంటున్నా. పిండి ఫ్రిజ్‌లో ఉంది. దోసెలు పోసుకోండి, అత్తయ్యకీ పొయ్యండి."

"తలనొప్పా?"

"కాదు. తలనొప్పి రాకుండా."

బెన్సన్‌కి ఈ వాక్యం ఎటువైపు నుంచి పట్టుకోవాలో తెలియలేదు. "మరి ఉల్లిపాయలు?" అన్నాడు.

"అవెక్కడికీ పోవు. అక్కడే ఉంటాయి."

చీకటి గదిలో పడుకుంది. వంటింట్లో పెనం మీద ఏదో మాడిన వాసన, సరోజమ్మ లేచిన చప్పుడు, "అదేంటిరా, అమ్మాయేది?" అనే మాట. లేవబోయి, తన్ని తనే మంచానికి అదిమిపెట్టుకుంది. ఎనిమిదిన్నర దాటాక మెడ దగ్గర మొదలైంది. గొంతు కింద ఎవరో మఫ్లరు కాస్త గట్టిగా చుట్టినట్టు. అయిపోయింది, గొంతు పోయింది, చేజేతులా చేసుకున్నా అనుకుంది. నెమ్మదిగా ఓ కీర్తన కూనిరాగం తీసింది. స్వరం పలికింది. బిగువు పైపైనే, లోపల గొంతు గొంతులాగే ఉంది. ఐదో నరం దగ్గరికి మాత్ర వెళ్ళి 'ఇక చాలు, ఆపు' అంటున్నట్టు ఊహించుకుంది. ఆ ఇంట్లో తన తరఫున ఎవరో ఒకరు అలా అనడం అదే మొదలు. మాత్రైతేనేం, బాగుంది. తొమ్మిదింపావుకి మఫ్లరు వదులైంది. కనుబొమ మీది గోరు ఎప్పుడు తీశారో కూడా తెలియలేదు. లేచి కిటికీ తెర లాగింది. ఎండ కంట్లో పడింది, గుచ్చుకోలేదు. ఎండని చూసి అంత సంతోషపడ్డ మనిషి ఆ పూట యూసుఫ్‌గూడలో ఇంకొకరు ఉండరు.

హాల్లో సరోజమ్మ మాడిన దోసె ముందు కూర్చుని ఉంది. "కూడిక పెట్టుకుని ఈ పడకేంటమ్మాయ్?" అంది. మెర్లిన్ వంగి, "దోసె కరకరలాడుతూ బాగున్నట్టుందత్తయ్యా" అని, స్నానానికి వెళ్ళింది. ఉల్లిపాయల వైపు చూడలేదు. చూస్తే చెయ్యి ఊరుకోదని తెలుసు.

ఆటో కృష్ణానగర్ దాటి ఫిల్మ్ నగర్ ఎక్కుతుంటే గాలికి జుట్టంతా మొహం మీద పడింది. స్టూడియోలో కమలాకర్ ఎదురొచ్చాడు. "ఏంది చెల్లె, మొఖం గిట్ల మెరుస్తున్నది? తలనొప్పి లేదా?"

"లేదన్నా."

"అరె," అన్నాడు కమలాకర్, మంచిదనాలో వద్దో తెలియక.

లైట్లు ఆర్పారు. తెరమీద హీరోయిన్ ఫోన్ చెవికి పెట్టుకుంది, పెదవి విడింది. మొదటి నవ్వు కాస్త బెరుగ్గా వచ్చింది. రెండోదానికి లిప్ దొరికింది. మూడోదానికి భుజాలు వదులయ్యాయి. ఆఖరి నిమిషం నవ్వు దగ్గర హీరోయిన్ ఒంటరిగా మంచమ్మీద పడి నవ్వుతుంది. ఏమనుకుంటూ నవ్వాలి అని ఆలోచించబోయిన మెర్లిన్‌కి, పేపరు పట్టుకుని గుడ్లప్పగించిన బెన్సన్, "మరి ఉల్లిపాయలు?" అన్న ఆ మొహం కళ్ళముందుకొచ్చింది. ఇక ఆగలేదు. కడుపులోంచి, వీపులోంచి, ఎప్పుడో మడిచి దాచిన చోటునుంచి వచ్చింది. తెరమీద సీను అయిపోయింది, మెర్లిన్ నవ్వు అవలేదు. అద్దం అవతల సౌండ్ ఇంజినీరు నవ్వడం మొదలుపెట్టాడు. పూజిత హెడ్‌ఫోన్లు తీసి, మళ్ళీ పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంది.

"మేడమ్, ఫిక్స్. వేరే టెస్టులు క్యాన్సిల్" అంది.

కమలాకర్‌కి మాత్రం ఇంకా సందేహం. బయటికొచ్చాక పక్కగదిలోకి తీసుకెళ్ళాడు. "చెల్లె, ఒక ప్యాచ్ ఉన్నది, చిన్న ముక్క మళ్ళ చెప్పాలె. పాత సినిమాదే, నీదే గొంతు. తల్లి పోయిన సీను. నొప్పి లేకుండ వస్తదా?"

అసలు భయం అదే. మెర్లిన్ మైకు ముందు నిలబడింది. తల తేలిగ్గా, చల్లగా ఉంది. ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి? తెరమీది అమ్మాయి మొహం చూసింది. ఇన్నాళ్ళూ సగం కన్ను మూసుకుని పని చేసింది, ఆ మొహాల్ని ఇంత నిదానంగా ఎప్పుడు చూసిందని? గడ్డం వణుకుతోంది, ఏడుపుని ఆపుకుంటోంది ఆ అమ్మాయి. గొంతులో పలకాల్సింది ఏడుపు కాదు, ఏడుపు ఆపుకోవడం. ఒక్క టేకులో అయిపోయింది.

"ఇన్ని దినాలు నీ నొప్పే ఏడుస్తున్నదనుకున్న" అన్నాడు కమలాకర్, గొంతు సవరించుకుంటూ. "అంతా నీ పనితనమేనన్నమాట. తప్పు మాట్లాడిన చెల్లె, ఏమనుకోకు."

"ఇకమీదట పొద్దున్నే ఫోన్ చేసి తలనొప్పి ఉందా అని అడక్కన్నా. టిఫిన్ తిన్నావా అని అడుగు" అంది మెర్లిన్.

ఇంటికొచ్చేసరికి నాలుగైంది. వంటింట్లో బెన్సన్ కత్తిపీట ముందు కూర్చుని ఉన్నాడు. మిగిలిన ఉల్లిపాయలన్నీ తరిగాడు, ఒకటి బొటనవేలంత మందం, ఒకటి కాగితమంత పల్చన. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, ముక్కు కారుతోంది. పక్కనే సరోజమ్మ శనగపిండి గిన్నెతో నిలబడి, "అలా కాదురా" అంటోంది. ఎన్నేళ్ళకో ఆవిడ కూడా వంటింట్లోకి వచ్చింది.

"ఇదెలా తరుగుతావు రోజూ?" అన్నాడు బెన్సన్ చేతివెనకతో కళ్ళు తుడుచుకుంటూ. జోకు లేదు ఆ మాటలో. మెర్లిన్ తన కొంగుతో అతని కళ్ళు తుడిచింది. కత్తిపీట మాత్రం తీసుకోలేదు.

ఆరింటికి హాలు నిండింది. పాటలయ్యాయి, వాక్యమయ్యింది, ప్రార్థన అవసరతలు చెప్పే వేళయ్యింది. అలవాటుగా సరోజమ్మ లేచి, కొంగు తలమీదకి లాక్కుని, "మా కోడలి తలనొప్పి గురించి..." అని మొదలుపెట్టింది.

"అత్తయ్యా, ఒక్క నిమిషం. నేను సాక్ష్యం చెప్పాలి, దేవుడు నాకు చేసిన మేలు గురించి."

అందరూ వంటింటి వైపు తలలు తిప్పారు. మెర్లిన్ ఆ రోజు అక్కడ లేదు. హాల్లో, మొదటి వరసలో, చాపమీద కూర్చుని ఉంది. లేచి నిలబడింది.

"పదకొండేళ్ళు మీరందరూ నా తలనొప్పి కోసం ప్రార్థన చేశారు. జవాబొచ్చి ఐదు వారాలైంది. నేనే దాన్ని బైబిలు కవర్లో పెట్టి జిప్పు వేసేశాను. ఇవాళ పొద్దున తీసి, సగం ఉల్లిపాయలు అలాగే వదిలేసి, నొప్పి రాగానే వేసుకున్నాను. తగ్గింది. అంతే నా సాక్ష్యం. ఇకమీదట ఈ ఇంట్లో ముందు నా మాత్ర, తర్వాతే పొయ్యి."

స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. వెనక వరసలో ఓ ముసలావిడ మాత్రం గట్టిగా "స్తోత్రం" అంది. సరోజమ్మ ఇంకా నిలబడే ఉంది, కొంగు తలమీద అలాగే పట్టుకుని.

"అయితే ఇప్పుడు నేనేం చెప్పనమ్మాయ్?" అంది, నిజంగానే దిక్కుతోచక.

"మా కోడలికి హీరోయిన్ నవ్వు దొరికింది, వచ్చే నెలంతా పగలు ఇంట్లో ఉండదు, మా అబ్బాయికి దోసెలు మాడకుండా ఉండేలా అందరూ ప్రార్థన చెయ్యండి అని చెప్పండి అత్తయ్యా."

ఎర్రటి కళ్ళతో పకోడీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ బెన్సన్ని చూసి ముందు పిల్లలు నవ్వారు, తర్వాత ఆడవాళ్ళు, ఆ తర్వాత తప్పక మగవాళ్ళు. మెర్లిన్ నవ్వు ఎటూ ఆగలేదు. కానీ ఆ నవ్వులన్నిటి మీదా తేలి, కిటికీ దాటి, వీధి దాటి, లెక్కపెడితే నాలుగిళ్ళ అవతలికి వినపడింది మాత్రం సరోజమ్మ నవ్వు.